మూడో పిలుపు

అనగనగా ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో పాతిక ఇళ్ళు. చివరింట్లో నాంచారు అనే పిల్ల, వాళ్ళమ్మ, అయిదు బాతులు ఉండేవి.

ఆ లంకలో ఒక అలవాటు ఉండేది తల్లీ. బాతు చచ్చిపోతే మట్టిలో పెట్టరు. నీటి పిట్ట కదా అని నీళ్ళకే ఇచ్చేస్తారు. ఆ ఏడు ముసురు పట్టాక నాంచారు బాతులు ఒకదాని తర్వాత ఒకటి మెడ వాల్చేసి, నాలుగు పోయాయి. నాలుగింటినీ వాళ్ళమ్మ పెరటి గుంటలోనే వదిలింది. ఆ తర్వాత మిగిలిన ఒక్కటీ, నాంచారు వెంటే తిరిగే మచ్చల బాతు, అదీ మెడ వాల్చేసింది.

పశువుల డాక్టరేమో అవతలి గట్టున ఉంటాడు. అప్పుడు వాళ్ళమ్మ పడవెక్కుతూ, "ముసురులో నీళ్ళ మీద ఏవేవో పిలుస్తాయే. నేనైతే మూడుసార్లు పిలుస్తాను. సందె వాలాక మూడోది వినబడందే తలుపు తియ్యకు" అని చెప్పి వెళ్ళింది. ఆమె అవతలికి చేరిందో లేదో, గాలి లేచి పడవలు ఆగిపోయాయి.

పక్కింటి కోటమ్మ పెద్దమ్మ వచ్చి చూసి నవ్వింది. "బాతుని పెళ్ళికూతురిలా గంపలో కూర్చోబెట్టావేంటే? నీళ్ళలో వదులు, అదే లేస్తుంది."

నాంచారు వదిలింది. ఒళ్ళు తేలింది గానీ తల మునిగిపోయింది. గభాలున ఎత్తి గుండెకి హత్తుకుంది. లోపల దాని ప్రాణం గాలిలో దీపంలా రెపరెపలాడుతోంది.

అప్పుడు గంపలో ఎండుగడ్డి పరిచింది. బిందె కింద పెట్టే చుట్టకుదురు తెచ్చి బాతు మెడకి ఆనించింది. కాచి చల్లార్చిన నీళ్ళలో బెల్లం కలిపి, వత్తి ముంచి, ముక్కు అంచున ఒక్కో చుక్కా వేసింది. తను మాత్రం అన్నం తినడం మర్చిపోయింది.

మొదటి రోజు సందె వేళ గుంటలోంచి బాతు పిలుపు ఒకటి వచ్చింది. నాంచారు కిటికీలోంచి చూసింది. బాతు లేదు. తామరాకు ఒకటి కదిలి ఊరుకుంది.

రెండో రోజు సందె వేళ రెండు పిలుపులు. అప్పుడు గంపలో బాతు కాళ్ళు గడ్డి మీదే ఈదడం మొదలుపెట్టాయి. నాంచారు గంప మీద అమ్మ చీర కప్పి, దాని మీద చెయ్యేసుకు కూర్చుంది.

మూడో రోజు సందె వేళ అమ్మ గొంతే వచ్చింది. "నాంచారూ."

నాంచారు గంప ఎత్తుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"నాంచారూ, బాతుని తీసుకురావే."

చెయ్యి గడియ మీదే ఉంది. మూడో పిలుపు రాలేదు.

తలుపు సందులోంచి చూసింది. గుంటలో నాలుగు బాతులు మెడలు వాల్చుకుని, నీళ్ళలో చిన్న అలైనా లేకుండా, ఇంటి వంకే చూస్తున్నాయి. వాటి మధ్య ఇంకొక్క బాతు పట్టేంత చోటు ఉంది.

తెల్లారాక నాంచారు గుంట గట్టుకి వెళ్ళింది. చచ్చిన బాతులు నాలుగూ ఒడ్డున కుళ్ళిపోయి, పురుగులు నీళ్ళలోకి రాలుతున్నాయి. తన బాతు రోజూ ముక్కు పెట్టి జల్లించేది ఆ చోటే. జబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో నాంచారుకి తెలిసింది. గెడకర్రతో నాలుగింటినీ లాగి, మెరక మీద లోతుగా గొయ్యి తీసి పూడ్చి, పైన పొయ్యిలో బూడిద చల్లింది.

"నీటి పిట్టని మట్టిలో పెడతావటే?" అంది కోటమ్మ పెద్దమ్మ.

"నీళ్ళలో వాటికి నిద్ర పట్టట్లేదు పెద్దమ్మా" అంది నాంచారు.

ఆ సందె వేళ గుంట మాట్లాడలేదు. మచ్చల బాతు చుట్టకుదురు మీంచి మెడ నాలుగు వేళ్ళెత్తు లేపింది. అప్పుడే బయట పిలుపు. ఒకటి. రెండు. నాంచారు గడియ పట్టుకుంది. మూడు.

తలుపు తీసింది. అమ్మ నిలువునా తడిసి ఉంది.

"డాక్టరు ఊళ్ళో లేడే. ఉత్త చేతులతో వచ్చాను" అంది. మెడెత్తిన బాతుని చూసి గుమ్మంలోనే కూలబడింది. ఆ తర్వాత అడిగింది. "నిన్న సందె వేళ నన్నెందుకు పిలిచావే? అవతలి గట్టు దాకా వినబడింది. రెండుసార్లు పిలిచి ఆపేశావు."

నాంచారు అమ్మని లోపలికి లాక్కుంది. తలుపు గడియ పెట్టింది.

అందుకే బంగారం, నిన్ను అన్నానికి నేను మూడుసార్లు పిలిచేది. రెండింటికే పలికేస్తావు, పిచ్చి పిల్లా.

కథ వెళ్ళింది కంచికి,
బాతు వెళ్ళింది గంపకి,
నువ్వు వెళ్ళు నిద్రకి.