పాలసీసాలో తీర్థం

“మనసు శుద్ధంగా ఉంటే చాలదా అండీ, చేతులు ఇన్నిసార్లు కడగాలా?” అని శివలింగం ఒకనాడు గురువుగారిని అడిగాడు. వడ్డనకు దిగేముందు సబ్బుతో చేతులు కడుక్కోమని విరూపాక్షయ్యగారు మఠంలో రోజూ పోరుతారు. శిష్యుడికి అది చాదస్తంగా తోచింది. గురువుగారి అలవాటే అంత, ప్రశ్న అడిగినవాడికి జవాబుకు బదులు ఏదో ఒక పని అంటగడతారు.

“ఎదురింటి చంద్రకళ పాలు ఆసుపత్రికి చేర్చి రా,” అన్నారు.

చంద్రకళకు ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ ఇంకా ఆసుపత్రిలో గాజుపెట్టెలోనే ఉంది. కాన్పు కోత మానని తల్లి ఇంటి దగ్గరే పాలు పిండి, నీళ్ళలో మరిగించిన సీసాలో పట్టి, ఐసుపెట్టెలో పెట్టి పంపుతోంది. రోజూ తీసుకెళ్ళే భర్తకు ఆ వేళ జ్వరం. “మూత మాత్రం తియ్యకు అన్నయ్యా,” అని మరీ మరీ చెప్పింది.

శివలింగం తల ఊపాడు గానీ, దారిలో అతని భక్తి ఊరుకోలేదు. అంత నలుసుకు దేవుడి అండ లేకపోతే ఎలా అనుకున్నాడు. నిన్నటి అభిషేక తీర్థం బుడ్డి ఎప్పటిలాగే అతని జేబులో ఉంది. సీసా మూత తీసి రెండు చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో నర్సు సీసా అందుకుని, “దారిలో మూత తియ్యలేదు కదండీ?” అంది.

“లేదమ్మా,” అన్నాడు. అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ఆమె పాలు పట్టడానికి సిద్ధం చేస్తుంటే, గాజు వెనక అరచెయ్యంత బిడ్డ కనిపించింది. అతను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగండమ్మా! తీశాను. తీర్థం కలిపాను!”

నర్సు తిట్టలేదు. “నిలవ నీళ్ళలో క్రిములు మనల్ని ఏమీ చెయ్యకపోవచ్చు. నెలలు నిండని బిడ్డకైతే నెత్తురులో చేరి ప్రాణం మీదికి తెస్తాయి,” అంటూ పాలన్నీ తొట్టిలో ఒంపేసింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. అక్కడున్న తల్లులంతా తనవైపే చూస్తుంటే శివలింగానికి తల కొట్టేసినట్టయింది.

అంతకన్నా ఎక్కువగా చంద్రకళ గుమ్మంలో సిగ్గుపడ్డాడు. జరిగిన సంగతి చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కోత నొప్పికి గోడ పట్టుకుంటూ, మళ్ళీ పాలు పిండడానికి చేతులు కడుక్కోబోయింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మఠానికి వచ్చి గురువుగారి ముందు తలవంచుకు నిలబడ్డాడు. “నా మనసులో ఏ కల్మషమూ లేదండీ. రేపు మాత్రం ఇంకెవరినైనా పంపండి, ఆవిడకు నా ముఖం చూపించలేను.”

“నీ మనసు మంచిదే, నాయనా,” అన్నారు విరూపాక్షయ్యగారు. “కానీ ఆ బిడ్డ తాగేది దాన్ని కాదుగా. రేపూ నువ్వే వెళ్ళు.”