గట్టు ఇవతలే ఆగిపోయిన బూరెలు

తీరపురాన్నేలే భైరవవర్మకు సాయంత్రంపూట ఇసుకలో చెప్పుల్లేకుండా నడవాలని సరదా పుట్టింది. తీరా చూస్తే, సముద్రం ఒడ్డునున్న ఆయన విహారమందిరం ముందు ఇసుక జానెడే ఉంది.

"ఇక్కడ ఇసుక మేటవెయ్యాలి! ఎలాగో మీరే చూడండి" అన్నాడు.

ఆస్థాన స్థపతి విశ్వంభరాచార్యుడు మీసం దువ్వుకుని, మందిరానికి ఉత్తరం పక్కన సముద్రంలోకి పొడుగ్గా రాతిగట్టు కట్టించాడు. ఏడాది తిరక్కుండా రాజుగారి ముంగిట ఇసుక మేటవేసింది. ఆచార్యుడికి శాలువాలు కప్పారు. ఆ రోజునుంచి ఆయన నేల మీద నడిస్తే ఒట్టు!

అంతలో గట్టుకు ఉత్తరానున్న జాలరిపేట నుంచి పోలమ్మ అనే పెద్దావిడ సభకొచ్చి బావురుమంది.

"మా ఒడ్డు కొట్టుకుపోనాది బాబూ! పడవలు లాక్కోడానికి జాగా లేదు. కెరటం మా గడపలు తడుపుతున్నాది."

"సముద్రానికి మీ మీద కోపమొచ్చింది. నా గట్టేం చేసింది? పేట ఖాళీ చేసి ఇంకెక్కడికైనా పొండి" అన్నాడు ఆచార్యుడు.

సభలో నవ్వించడం గవరయ్య ఉద్యోగం. ఆ మాటకు మాత్రం అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఆ ఒడ్డును మాయం చేసింది గట్టే ప్రభూ!"

"అయితే రేపు నా పుట్టినరోజు విందు ముగిసేలోగా రుజువు చెయ్యి" అన్నాడు రాజు. "లేదంటే పేట ఖాళీ అవుతుంది, వాళ్లతోపాటు నువ్వూ మూట కట్టుకోవాలి."

"చిత్తం. రేపటి వడ్డన నాకొదిలెయ్యండి చాలు."

మర్నాడు మధ్యాహ్నం విస్తళ్లు వేశారు. రాజుగారి బంతిలో కూర్చునే గౌరవం ఆచార్యుడొక్కడిదే. దక్షిణపు కొసన రాజు, ఆయన పక్కన ఆచార్యుడు. రాజు లేచేదాకా బంతిలోంచి ఇంకొకరు లేవకూడదు, అది అక్కడి ఆనవాయితీ. పోలమ్మను గవరయ్య గుమ్మం దగ్గర నిలబెట్టాడు.

మొదటి వడ్డన ఇద్దరికీ అందింది. అప్పుడు గవరయ్య కనుసైగ చేశాడు. కొండంత వస్తాదు ఒకడు వచ్చి, రెండు విస్తళ్ల మధ్య చేతులు చాచి నిలబడ్డాడు.

వడ్డించేవాళ్లు రాజు వైపునుంచే వస్తున్నారు. వస్తాదును దాటలేక పులిహోర, గారెలు, బూరెలు అన్నీ రాజుగారి విస్తట్లోనే కుమ్మరించి వెళ్తున్నారు. ఆచార్యుడు తిండిపుష్టి గలవాడు. చిటికెలో విస్తరి నున్నగా ఖాళీ చేసి, నోరు చప్పరిస్తూ కూర్చున్నాడు.

"అయ్యో, మీ విస్తరి ఖాళీ అయిందే! వంటవాడికి మీ మీద కోపమొచ్చినట్టుంది" అన్నాడు గవరయ్య.

"కోపమా, పాడా! ఇటు ఒక్క బూరె రానిస్తే కదా!"

"పోనీ, లేచి ఇంకెక్కడికైనా పోయి కూర్చోకూడదూ?"

ఆచార్యుడు పళ్లు కొరికాడు. "నేనెందుకు లేవాలయ్యా? నా చోటు నాది! ముందు ఆ అడ్డం తియ్యి!"

గవరయ్య రాజుకు చేతులు జోడించాడు.

"తీర్పు ఆచార్యులవారే చెప్పేశారు ప్రభూ! మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. కెరటం పేట ఒడ్డును రోజూ తింటుంది, రోజూ కొత్త ఇసుక తెచ్చి వడ్డిస్తుంది. గట్టు ఆ వడ్డనను ఆపింది. తినడం మాత్రం ఆగలేదు."

రాజు తన ముందున్న బూరెల గుట్టను చూశాడు, ఆచార్యుడి విస్తరిని చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గట్టు పీకించే పని ఆచార్యుడిదే! మరి నా ఇసుక సరదా?"

"మందిరాన్ని కాస్త వెనక్కి కట్టుకుని, ముందు మొగలిపొదలు నాటండి. ఉన్న ఇసుకను అవే పట్టి ఉంచుతాయి."

రాజు తన బంగారు కంకణం తీసి గవరయ్య చేతికి తొడిగాడు. వస్తాదు పక్కకు జరిగాడు. బూరెల పళ్లెం మళ్లీ రాజు దగ్గరే ఆగబోతుంటే గుమ్మం దగ్గరనుంచి పోలమ్మ కేకేసింది.

"ముందు ఆ పెద్దాయనకి ఎయ్యండి బాబూ! రాకుండా ఆగిపోతే ఎలాగుంటాదో మాకు తెలుసు."

అక్కడున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆచార్యుడు మాత్రం తలెత్తకుండా విస్తరి ముందుకు జరిపాడు.