పలకల మండపంలో కూచన కథ

రేగులపురం రాజు అనంతపాలుడికి ఏదైనా నచ్చిందంటే అది ఊరందరికీ నచ్చి తీరాలి. ఆ ఏడు ఆయనకు పలకల మండపం నచ్చింది.

కట్టించింది పేరయ మంత్రి. కోట గుమ్మానికి ఎదురుగా తలుపులున్న మండపం, గోడల నిండా మేకులు. ఎవరైనా సరే, ఊరికి చెప్పదలుచుకున్నది పలక మీద రాసి ఇస్తే మంత్రి మేకుకు తగిలిస్తాడు. ఖర్చేమీ లేదు. రాజు రోజూ వచ్చి చదివి మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూసి పేరయకు కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి.

"మహాప్రభూ, ఇక్కడ పలకలూ, అక్కడ అరుగుల మీద కబుర్లూ అంటే మండపానికి మర్యాద ఏముంది?" అన్నాడు ఒకరోజు కొలువులో, ఓరగా కూచన వైపు చూస్తూ.

కూచన ఆస్థాన హాస్యగాడు. కొలువులో నవ్వించడం అతని ఉద్యోగం. సాయంత్రం నేతవీధిలో అరుగు మీద కూర్చుని కథ చెప్పడం అతని సరదా. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వరు. రెండు వైపులా మగ్గాలు ఆడుతుంటే ఆ చప్పుడుకు తగ్గట్టు గొంతు పెంచుతూ తగ్గిస్తూ చెప్పేవాడు. పగలంతా పడ్డ విసుగు అక్కడ తీరేది.

రాజు ముందూ వెనకా చూడలేదు. "ఇకమీదట ఊరికి చెప్పేదేదైనా పలక మీదే. నోటితో కథ చెప్పినవాడు ఊరు విడిచి పోవాలి" అనేశాడు.

కూచన దిగులుగా చేతులు జోడించాడు. "ఏలినవారు మన్నించాలి. నేతగాళ్ళు పని చేసుకుంటూ వింటారు. పలక చదవాలంటే మగ్గం దిగి రావాలి కదా. పోనీ, ఆ పలకనే వాళ్ళ ఇళ్ళకు పట్టుకెళ్ళనా?"

"పలక మండపం దాటకూడదు," అన్నాడు పేరయ.

"నా కథ ఒక పలకలో పట్టదే?"

"పట్టినంత రాయి, మిగతాది మర్నాడు. మనిషికి ఒక్కటే మేకు. కొత్త పలక రాగానే పాతది చెరిపేస్తాం."

"చెరిపే ముందు చదువుతారా స్వామీ?"

"నాకేం పని? పలక కొలత సరిపోయిందా లేదా, నేను చూసేది అదే."

కూచన బుద్ధిగా తల ఊపాడు. ఆ మాటతో అతని దిగులు సగం తగ్గింది.

సాయంత్రం నేతవీధిలో నాగులమ్మ మగ్గం మీంచే అడిగింది. "ఏం కూచనయ్యా, కథ లేదా? పొద్దు గడవట్లేదు నాయనా."

"రేపట్నుంచి మండపానికి రా అత్తా. అక్కడ రాస్తాను."

"నేను అక్కడికొస్తే రాణిగారి ఈ పట్టుచీర ఎవరు నేస్తారు, మీ రాజా?"

"ఆయన్నే అడుగుదువుగాని. కాస్త ఓపిక పట్టు."

మర్నాడు పలక మీద కథ మొదలైంది. ఒక పెళ్ళి. ముహూర్తం దగ్గర పడింది, పెళ్ళికొడుకు మాయమయ్యాడు. ప్రతి పలకా మంచి పట్టులో ఆగిపోయేది. నేతవీధి వీధంతా మగ్గాలు వదిలేసి మండపం ముందు తోసుకోసాగింది. చదువొచ్చినవాడు ముందుకు, రానివాడు వాడి భుజం వెనక్కు. రాజు కూడా అన్నం తినీ తినగానే వచ్చేసేవాడు. పెళ్ళికొడుకును బావిలో వెతికారు, అటక మీద వెతికారు. చివరికి వంటశాలలో ఒక పెద్ద గంగాళం మూత కదిలింది. వంటవాడు మెల్లగా మూత మీద చెయ్యి వేశాడు.

పలక నిండిపోయింది.

మర్నాడు పేరయ భోజనానికి తలుపులు మూస్తుండగా కూచన తర్వాతి పలక పట్టుకొచ్చాడు. మంత్రి కొలత చూసి తగిలించాడు. జనమంతా తలుపుల బయటే ఉన్నారు. కూచన వెంటనే ఇంకో పలక అందించాడు. నియమం నియమమే కనుక పేరయ మొదటిది శుభ్రంగా తుడిచేసి రెండోది తగిలించి, తీరిగ్గా భోజనానికి వెళ్ళాడు.

తలుపులు తెరిచేసరికి రాజు అందరికంటే ముందున్నాడు. పలక చదివాడు. "అది చూసి పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది."

"ఏది చూసి?" అన్నాడు రాజు. "పేరయా, గంగాళంలో ఏముంది?"

"ఆ పలక చెరిపేశాను మహాప్రభూ. కొత్తది వచ్చింది కదా."

"చెరిపే ముందు చదవలేదా?"

"కొలత మాత్రం సరిగ్గా ఉంది ప్రభూ."

రాజు పళ్ళు నూరుతూ కూచన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

"నోటితో చెబితే ఊరు విడవాలని తమ ఆజ్ఞ."

"అయితే మళ్ళీ రాయి."

"నాకున్నది ఒక్క మేకు మహారాజా. పాతది తగిలిస్తే ఇది చెరిగిపోతుంది."

రాజు కోపం జనం మీదికి మళ్ళింది. "మీరంతా ఇక్కడుంటే రాణిగారి పట్టుచీర ఎక్కడిదాకా వచ్చింది?"

"కథ ఇక్కడా మగ్గం అక్కడా అయితే చీర ఎలా వస్తుంది దొరా?" అంది నాగులమ్మ.

కూచన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"వాళ్ళ చేతులు మగ్గానివి, కళ్ళు పోగులవి మహారాజా. ఖాళీగా ఉన్నవి చెవులొక్కటే. మంత్రిగారి మండపంలో అన్నిటికీ చోటుంది, ఆ చెవులకే లేదు."

రాజు కాసేపు పలకను చూశాడు, కాసేపు పేరయను చూశాడు. "ఆజ్ఞ రద్దు. నీ నోరు, నీ కథ, నీ ఇష్టం వచ్చినచోట చెప్పుకో. ముందు ఆ మూత తియ్యి."

"తీస్తాను. నేతవీధికి దయచేయండి."

రాజు వెళ్ళి నాగులమ్మ అరుగు మీద కూర్చున్నాడు. మగ్గాలు మొదలయ్యాయి. కూచన గొంతు సవరించుకున్నాడు.

"వంటవాడు మూత తీశాడు. లోపల పులిహోరలో నడుం దాకా కూరుకుపోయి పెళ్ళికొడుకు. రెండు బుగ్గలూ నిండుగా ఉన్నాయి. 'ముహూర్తం దాకా ఉపవాసమన్నారు. అందాకా నేనుంటేగా?' అన్నాడు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాగులమ్మ నేత ఆపి కళ్ళు తుడుచుకుంది. ఆ సందడిలో జనం వెనక నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది. పేరయ మంత్రిది.

"కూచనా, తర్వాత ఏమైంది?"

"మీ మండపంలోనే ఉంది మంత్రిగారూ. మీ చేత్తోనే తగిలించారు, వెళ్ళి చదువుకోండి."

వీధి వీధంతా గొల్లుమంది. రాజు నవ్వుతూనే తన చేతి కంకణం తీసి కూచన చేతికి తొడిగాడు.