పీట మీద కొలిచిన ఎత్తు

అనగనగా ఒక ఏరు, ఏటి పక్కన ఒక కొండ, ఆ రెంటి నడుమ ఒక కోట. ఆ కోటను వీరకేతుడనే రాజు ఏలేవాడు.

కోట ముంగిట ఒక రాతి స్తంభం ఉండేది. ఏటా ఉగాదినాడు పిల్లలంతా వట్టి కాళ్ళతో దానికి వీపు ఆనించి నిలబడేవారు. ఎల్లవ్వ అనే ముసలమ్మ వాళ్ళ తల మీద అరచేయి పెట్టి, ఉలి మొనతో రాతి మీద సన్నని గీత గీసేది. పాత గీతకూ కొత్త గీతకూ నడుమ మూడు వేళ్ళు పట్టాయంటే తల్లులు మురిసిపోయి బెల్లం పంచేవారు.

ఒక ఏడు రాజుగారి కొడుకు కోతికొమ్మచ్చి ఆడుతూ చెట్టు మీదినుంచి పడి చనిపోయాడు. రాజు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు చాటింపు వేయించాడు.

"పన్నెండేళ్ళ లోపు పిల్లలెవరూ పరుగెత్తరాదు! దుమకరాదు! చెట్టెక్కరాదు! ఆడనిచ్చిన తల్లిదండ్రులకు కఠిన దండన!"

ఆటస్థలం తలుపుకు తాళం పడింది. కోటలోని అరవైమంది పిల్లలు ఇళ్ళలో చాపల మీద కూర్చున్నారు. రాజు వాళ్ళకు రోజూ పాలూ నెయ్యీ పంపించాడు. ఆయనకిక మిగిలింది నాలుగేళ్ళ కూతురు కుముద ఒక్కతే. ఆ బిడ్డ కాలు నేలకు తగలకుండా దాసీలు ఎత్తుకు తిరిగేవారు.

ఉగాది వచ్చింది. మూడు వేళ్ళు ఎదగవలసిన పిల్లలు రెండే ఎదిగారు. మంత్రి భోగనాథుడు ఎల్లవ్వను పక్కకు పిలిచాడు. "రాజుగారు చూశారంటే మన తలలు ఎగిరిపోతాయి" అని, పిల్లల కాళ్ళ కింద వేలెడు మందం పీట వేయించాడు. గీత సరిగ్గా కుదిరింది. ఎల్లవ్వ భయపడుతూనే ఆ గీతలు గీసింది.

రెండో ఏడు పీట రెండు వేళ్ళ మందమైంది. "ఇది తప్పు కదా బాబూ" అని ఎల్లవ్వ గొణిగింది. మంత్రి కళ్ళెర్రజేశాడు.

మూడో ఏడు పీట మూడు వేళ్ళ మందమైంది. ఎల్లవ్వ ఇక తాళలేక, గీతలు గీయడం ముగించి, ఉలి కింద పెట్టి, గీతలు చూడవచ్చిన రాజు ఎదుట నిలబడింది.

"దొరా, ఈ గీతలన్నీ అబద్ధం. పీట తీయించి చూడు. తొమ్మిది వేళ్ళు ఎదగవలసిన పిల్లలు ఆరే ఎదిగారు. పాలొక్కటే పోస్తే ఎముక గట్టిపడదయ్యా. ఎండ తగలాలి, ఉరకాలి, దుమకాలి."

"రాయి గీకే ముసలిది వైద్యం చెబుతోందే!" అని మంత్రి నవ్వాడు.

రాజు నవ్వలేదు. "నీ మనవరాలు చెట్టు మీదినుంచి పడి చచ్చిపోతే ఈ మాట అంటావా?"

"గుండె పగిలేలా ఏడుస్తాను దొరా. అయినా మిగిలిన బిడ్డ కాళ్ళు కట్టేయను."

రాజు ముఖం నల్లబడింది. పీట వైపు చూడనైనా చూడకుండా, ఎల్లవ్వను కోట నుంచి వెళ్ళగొట్టించాడు. ఆమె మనవరాలు పోలిని వెంటబెట్టుకుని కొండెక్కి, అక్కడ మేకలు కాసుకుంటూ బతికింది. మొదట్లో నాలుగడుగులకే అలసిపోయిన పదేళ్ళ పోలి, పోనుపోను మేకల వెనక బండల మీద గెంతుతూ తిరిగేది.

ఆరు నెలలు గడిచాయి. ఒక పట్టపగలు ఏరు పొంగి గట్టు తెగింది. రాజూ మగవాళ్ళూ గండి పూడ్చడానికి పరుగెత్తారు. ఆడవాళ్ళు పిల్లలతో కొండదారి పట్టారు. పైకి నూట ఇరవై మెట్లు.

ముప్పై మెట్లెక్కేసరికి పిల్లల మోకాళ్ళు వణికాయి. నలభయ్యో మెట్టు దగ్గర చాలామంది కూలబడ్డారు. "అమ్మా, ఇంక నావల్ల కాదే!" తల్లి ఒక బిడ్డను చంకనెత్తుకోగలదు. రెండో బిడ్డ చేయి పట్టి ఎంతసేపు లాగగలదు? వెనక నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కి వస్తున్నాయి.

కుముదను మోస్తున్న దాసీ కాలు జారి పడింది. ఏడేళ్ళ కుముద నాలుగడుగులు వేసి కూర్చుండిపోయింది. గండి పూడక, వరద తరుముకొస్తే రాజు కోట బురుజెక్కాడు. నడుమ నీళ్ళు. అక్కడినుంచి కూతురిని చూశాడు.

"కుముదా! పరుగెత్తు తల్లీ! పరుగెత్తు!"

పిల్లలను పరుగెత్తవద్దన్న నోరే అలా అరిచింది. ఆ బిడ్డకు పరుగు రాదు.

పైనుంచి పోలి దూసుకొచ్చింది. ఒక పిల్లవాణ్ణి వీపున వేసుకుని పైకి చేర్చింది. మళ్ళీ దిగి ఇంకొకడిని చేర్చింది. మూడోసారి దిగేసరికి నీళ్ళు కుముద నడుము దాకా వచ్చాయి. "నా మెడ గట్టిగా పట్టుకో. ఏడవకు, ఊపిరి తీసుకో" అని, ఆమెనూ మోసుకుపోయింది. నాలుగోసారి దిగబోతే కింద మెట్లు లేవు, నీళ్ళే ఉన్నాయి.

అరవైమందిలో నలభై ముగ్గురు మిగిలారు.

వరద తీశాక రాజు స్తంభం దగ్గరికి వెళ్ళాడు. బురదలో కూరుకున్న పీటను తన చేత్తోనే పీకి ఏట్లో పారేశాడు. మంత్రిని కొలువు నుంచి తీసేశాడు. ఎల్లవ్వను పిలిపించి, కుముదను వట్టి కాళ్ళతో నిలబెట్టాడు. ఆరు నెలల్లో వేలెడు ఎదిగినా, గీత ఉగాది గీతకు రెండు వేళ్ళు కిందే పడింది.

"పదిహేడుగురు" అన్నాడు రాజు. "నా కొడుకును చెట్టు చంపింది. వీళ్ళను నేను చంపాను."

"అవును దొరా" అంది ఎల్లవ్వ.

ఆటస్థలం తాళం పగలగొట్టారు. మొదటి రోజు పోలి వెంట పరుగెత్తుతూ కుముద బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారింది. ఆటస్థలం పక్కన గద్దె వేయించుకుని చూస్తున్న రాజు సగం లేచాడు. పిడికిలి బిగించి, మళ్ళీ కూర్చున్నాడు.

కుముద తనంతట తానే లేచింది.

పడతారేమోనని పిల్లల ఆట మాన్పిస్తే, లేచే బలం కూడా వాళ్ళకు మిగలదు.