నాంచారమ్మ నాటిన మొగలి పొదలు

ఎన్ని తరాల కిందటి మాటో ఎవరికీ లెక్క తెలియదు. అనగా అనగా వరుణపురమనే పట్నంలో, ఏటి ఒడ్డున, నాంచారమ్మ అనే చాపలల్లే మనిషి ఉండేది.

ఆమె పెరడు ఏడాది పొడుగునా చిత్తడే. వంగ నాటితే కుళ్లింది, బంతి నాటితే కుళ్లింది. పైగా వానాకాలం వస్తే చాలు, ఏరు ఒడ్డును కోసుకుంటూ ఇంటి గోడ దగ్గరికి జరిగేది.

"ఈ బురదలో పుట్టిన మొక్కయితేనే ఈ బురదలో నిలుస్తుంది" అనుకుంది నాంచారమ్మ. దిగువ చిత్తడిలో పెరిగే మొగలి పొదల నుంచి పిలకలు తెచ్చి, పెరటి అంచున వరసగా నాటింది.

"మొగలి పొదల్లోకి పాములొస్తాయి వదినా!" అని భయపడింది పొరుగింటి పేరిందేవి.

"పాము వస్తే కర్ర పుచ్చుకుంటాం. ఏరు వస్తే ఏం పుచ్చుకుంటాం, చెప్పు?"

రాజుగారి తోటల అధికారి గుణశేఖరుడికి ఆ పొదలు కంటగింపయ్యాయి. మహారాజు ఆ ఏటిలో పడవ మీద విహరిస్తాడు. ఒడ్డంతా దూరదేశపు గులాబీలే కనిపించాలని అధికారి పట్టుదల. రాజముద్ర ఉన్న తాటాకు చూపించి, భటుల చేత పిలకలన్నీ పీకించి నీళ్లలో పడేయించాడు.

నాంచారమ్మకు ఒళ్లు మండిపోయింది. "నా పెరట్లో నేను నాటుకుంటే మీకేం నొప్పి? మీ గులాబీ వచ్చి నా గోడను కాస్తుందా?" అని నిలదీసింది. అతను వెనక్కి తిరిగైనా చూడలేదు. ఆమె మోకాటి లోతు నీళ్లలో దిగి, దొరికిన పిలకలన్నీ ఏరుకొచ్చి మళ్లీ నాటింది.

రెండో ఏడు గుణశేఖరుడు మళ్లీ వచ్చి, పొదల తలలన్నీ నరికించాడు. ఆ కోపంలో నాంచారమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ వేళ్లు మిగిలాయి. మొదళ్ల పక్కనుంచి కొత్త పిలకలు లేచాయి, ఊడలు దిగి బురదను గట్టిగా పట్టుకున్నాయి.

మూడో ఏడు గడ్డపారలతో వచ్చాడు. ఈసారి ఆమె పొదల ముందు చేతులు చాచి నిలబడింది.

"ముందు నన్ను పెకలించండి!"

పేరిందేవి కూడా వచ్చి పక్కన నిలబడింది. భటులు తలలు దించుకున్నారు. "వానలు వెలిశాక నీ పని చెబుతా" అని పళ్లు కొరుకుతూ పోయాడు గుణశేఖరుడు.

ఆ వానలు ఒక పట్టాన వెలియలేదు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఏకధాటిగా కురిశాయి. గుణశేఖరుడు మిగతా ఒడ్డంతా నాటించిన గులాబీలు కొట్టుకుపోయాయి. వాటి వెంట ఒడ్డు, ఒడ్డు వెంట ఆరిళ్ల గోడలు. నాంచారమ్మ పెరడు మాత్రం పిడికెడు మన్ను పోకుండా నిలిచింది. వీధిలోని పసిపిల్లలంతా ఆమె ఇంట్లోనే తలదాచుకున్నారు.

వరద తీశాక మహారాజు వచ్చి చూశాడు. "ఈ ఒక్క ఒడ్డు ఎలా నిలిచింది?"

గుణశేఖరుడు చప్పున ముందుకొచ్చాడు. "ప్రభూ, దాసుడు స్వహస్తాలతో నాటిన మొగలి పొదలివి."

విన్నారా పిల్లలూ, ఎంత సిగ్గులేనితనమో! పీకించినవాడే నాటానంటున్నాడు!

నాంచారమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "అయితే ప్రభూ, ఒక్క పిలక తీసి నాటి చూపించమనండి."

గుణశేఖరుడు ఆకుల కొసల మీదుగా చెయ్యి లోపలికి దూర్చాడు. ముళ్లు మోచేతిదాకా చీరేశాయి. కెవ్వుమన్నాడు. మొగలి ముళ్లు కొసవైపే వాలి ఉంటాయని తెలిసిన నాంచారమ్మ వంగి, ఆకులన్నిటినీ మొదలు నుంచి పైకి నిమురుతూ ఒక్క గుప్పిట్లోకి తీసుకుంది. ఒంటిమీద గీత పడకుండా పిలకను ఊడదీసి, బురదలో గుచ్చింది.

రాజుకు సంగతంతా అర్థమైంది. గుణశేఖరుడి పదవి అక్కడికక్కడే ఊడింది. రాజు తన మెడలోని హారం తీసి నాంచారమ్మకు అందించాడు.

ఆమె చెయ్యి చాచలేదు.

"అది ఇళ్లు కూలినవాళ్లకివ్వండి. మూడేళ్లూ ఆయన మాకు చూపించింది మీ ముద్రే ప్రభూ! ఆ ముద్ర వేసేముందు ఒక్కనాడైనా మా వీధికొచ్చి చూశారా?"

రాజు తల వంచుకున్నాడు.

"లేదు తల్లీ. తప్పు నాదే" అన్నాడు. గుణశేఖరుడి దగ్గరున్న ఆ తాటాకును తీసుకుని రెండుగా చింపి, పాదరక్షలు విడిచి బురదలో దిగాడు. "ఎలా నాటాలో నాకూ చెప్పు."

నేల మీద బతికేవాళ్లను అడగకుండా ఆ నేలకు ఆజ్ఞలు వేయడం అన్యాయం. వేసినవాడు రాజైనా సరే, అది తప్పని ఎదురుగా నిలబడి చెప్పాల్సిందే.