తుపాను గది తలుపు

ఆ ఏడు జిలానీకి సముద్రం కంటే సభలంటేనే ఎక్కువ భయం పట్టుకుంది.

తీరాన ఉన్న ఆ పట్టపు జాలర్ల పల్లెలో ఒక సేవా సంఘం ఉంది. తుపాను వచ్చినప్పుడు జనం తలదాచుకునే పెద్ద గది బాగోగులు చూసేది అదే. రాబోయే ఏళ్ళలో సంఘం ఏమేం చేయాలో పల్లెవాళ్ళనే కూర్చోబెట్టి తేల్పించమని, దాన్ని నడిపే అమానుల్లా బాబా తన శిష్యుడు జిలానీని పంపారు. జిలానీ పట్నంలో ఆ పని నేర్చుకుని వచ్చినవాడే. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టేవాడు. వాళ్ళు కోరినవన్నీ రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించేవాడు. కొత్త దీపాలు, పిల్లలకు పాలపొడి, గోడలకు సున్నం. అన్నిటికీ అందరూ గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళు.

తీరా మొన్న తుపాను గాలి లేస్తే సగం పల్లె గుడిసెల్లోనే ఉండిపోయింది. పిలిచినా రాలేదు. ఆ గాలి దారి మళ్ళింది కాబట్టి బతికారు. ముందింకా తుపాన్ల కార్తీకం ఉంది. ఈసారి మళ్ళకపోతే?

ఆ మాట తలచుకుంటేనే జిలానీకి అన్నం సయించలేదు. బాబా దగ్గరికి వెళ్ళి కూలబడ్డాడు.

"బాబా, అన్నిటికీ ఒప్పుకుంటారు. గాలొస్తే మాత్రం రారు. నాకు భయంగా ఉంది."

"ఒప్పుకునేటప్పుడు వాళ్ళ మొహాలు చూశావా?"

"గోడ మీది కాగితాలు చూశాను."

బాబా నవ్వలేదు. "సభలో ఎవరూ మాట్లాడకపోతే ఏం చేస్తావు?"

"గాభరా పుడుతుంది. వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాను."

"రేపు సభ పెట్టు. నేనూ వస్తాను. ఆ గాభరా పుట్టినప్పుడు నువ్వు నోరెత్తకు. లేవకు."

మర్నాడు మధ్యాహ్నానికే సముద్రం హోరెత్తుతోంది. పల్లెవాళ్ళు వచ్చి ఎప్పటిలాగే లోపలి గోడకు ఒరుసుకుని ఉక్కలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. గుండ్రంగా జరగమంటే కాస్త జరిగారు. తలుపు వైపు మాత్రం ఎవరూ రాలేదు. పల్లెజనానికి మొహమాటం ఎక్కువని జిలానీ ఎప్పుడో సరిపెట్టుకున్నాడు.

"నమాజు వేళయింది, కాళ్ళూ చేతులూ కడుక్కొస్తాను. నా వెనక గడియ వెయ్యి" అని బాబా బయటికి నడిచారు. జిలానీ ఇనుప తలుపు మూసి, గడియ వేసి, తన చాప మీదికి వచ్చాడు.

"గాలొస్తే మీరంతా ఇక్కడికి ఎందుకు రారు?" అని అడిగాడు.

ఎవరూ పలకలేదు. ఇంకో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది.

తీయడానికి ఒక్కరూ లేవలేదు. చప్పుడు మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. పల్లె పెద్ద ఏకాంబరం తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు. బయట ఉన్నది ముసలి బాబా అని అందరికీ తెలుసు. అయినా ఈ బెదురు ఏమిటో జిలానీకి అంతుబట్టలేదు. వాళ్ళ భయం అతనికీ అంటుకుంది. "బాబాయే కదా, తీయండి" అని అరవాలనిపించింది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

"ఆపేశాడు!" గోడ వారన కూర్చున్న తిరుపాలమ్మ కేకతో గది అదిరింది. "ఆ పెద్ద తుపాను రాత్రి మా ఆయనా ఇట్టానే ఆపేశాడు! పడవ కట్టేసి వస్తానని పోయిన మనిషి ఆ తలుపు కొట్టీ కొట్టీ ఆపేశాడు! అరవబోతే నా నోట్లో కొంగు కుక్కారు గదరా! తియ్యండ్రా, ఇప్పుడన్నా తియ్యండి!"

ఏకాంబరం లేచాడు. గోడ పట్టుకుని నడిచి గడియ తీశాడు. తడి చేతులతో గడప అవతల బాబా నిలబడి ఉన్నారు.

"తలుపు తీస్తే గాలి దూరి కప్పు లేచిపోద్దని నేనే వద్దన్నా సామీ" అన్నాడు ఏకాంబరం. "ఆడ ఎవురుండారో తెలిసే వద్దన్నా."

ఆ తర్వాత జిలానీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. ఏళ్ళ తరబడి మింగినదంతా బయటపడింది. ఏడ్చారు, తిట్టుకున్నారు. తిరుపాలమ్మ ఏకాంబరం మొహం మీదే ఉమ్మినంత పని చేసింది. పొద్దు వాలేవేళకు, తీసినా గాలి లోపలికి కొట్టకుండా తలుపు ముందు అడ్డుగోడ కట్టాలన్న మాట పుట్టింది. అది ఎవరు అన్నారో కూడా ఎవరికీ గుర్తులేదు.

"గడియ కాడ ఎవురు కూర్చోవాలి?" అని ఏకాంబరమే అడిగాడు.

"నేను" అంది తిరుపాలమ్మ.

తిరుగుదారిలో జిలానీ ఉండబట్టలేక అడిగాడు. "బాబా, ఆ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలియదు. అంత ఉక్కలో తలుపు దగ్గర ఎవరూ కూర్చోలేదు. అదొక్కటే చూశాను."

కార్తీకంలో తుపాను రానే వచ్చింది. అప్పటికి తలుపు ముందు అడ్డుగోడ లేచింది. ఈసారి గది నిండింది. దీపాలు ఆరిపోయాయి. పక్కవాడి మాట పక్కవాడికి వినబడనంత హోరు. ఆ హోరులో తలుపు మీద ఎవరో కొట్టారు.

జిలానీ తన చోటు నుంచి లేవలేదు. నోరెత్తలేదు.

చీకట్లో తిరుపాలమ్మ గడియ తీసిన చప్పుడు ఆ హోరులోనూ వినబడింది.