మొసలి పిల్లకి ముద్దు

1911 డిసెంబరు 23, శనివారం. బాగా పొద్దెక్కినా దేవరగెడ్డ కోట మీద మంచు విడలేదు. సింహద్వారం దగ్గర ఏనుగు తొండం కనిపిస్తోంది గాని ఏనుగు కనిపించడం లేదు.

ఆ నెలలోనే ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. దేవరగెడ్డ జమీందారు రాజా వీరభద్రదేవు గారికి పిలుపు రాలేదు. రాకపోతే పోనీ అని ఊరుకునే మనిషి కాదాయన. "దొరలకంటే ఘనంగా మనమే క్రిస్మస్ చేసి చూపిస్తాం" అన్నారు. కొలువుకూటంలో సరుగుడు చెట్టొకటి నిలబెట్టించి, దానికి ఏనుగు గంటలు కట్టించారు. కొమ్మలు విరిగాయి. అది వేరే సంగతి.

అసలు చిక్కు బహుమతి దగ్గర వచ్చింది. కలెక్టరు దొర కొడుక్కి క్రిస్మస్‌కి మద్రాసు నుంచి తాబేలు వస్తోందట. ఆ కబురు చెవినపడ్డ దగ్గర్నుంచి రాజావారికి నిద్ర లేదు. ఆయనకీ లేకలేక పుట్టిన ఆరేళ్ళ చినబాబు ఉన్నాడు మరి.

"వాళ్ళది తాబేలైతే మనది మొసలి!" అన్నారు.

అనడమే ఆలస్యం, జంతుశాల అధికారి సోమేశం పంతులు గంగాళంలో మూరెడు మొసలి పిల్లతో హాజరయ్యాడు. ఆ జంతుశాలలో ఉన్నవి రెండు నెమళ్ళు, ఒక ముసలి దుప్పి. అధికారిగారి మీసం మాత్రం పది పులులున్న జంతుశాలకి సరిపోతుంది.

"దీని ముందు ఆవుదూడ కూడా గయ్యాళే, మహాప్రభో! పళ్ళంటారా, బియ్యపు గింజలు. చినబాబుగారు ఒళ్ళో పెట్టుకుని ఆడుకోవచ్చు."

లోపలి నుంచి రాణిగారి ఏడుపు వినిపించింది. రాజావారు కాస్త తటపటాయించారు. ఆ సంగతి కొలువులో ఎవరైనా కనిపెట్టారేమోనని వెంటనే గొంతు పెంచారు.

"ఇవ్వాలా, వద్దా? ఇక్కడే తేలాలి. కాని ఒక్క మాట. వద్దన్నవాడు పిరికిపంద. వాడి తలపాగా ఊడబీకి కోట దాటిస్తాం."

ఇంకేం తేలుతుంది? ఇవ్వాలన్నాడు దివాను. పురోహితుడైతే ముహూర్తం కూడా పెట్టేశాడు.

గవరయ్య వంతు వచ్చింది. కొలువులో గవరయ్య ఉద్యోగానికి పేరంటూ లేదు. రాజావారికి విసుగొస్తే నవ్వించాలి, కోపమొస్తే ఎదురుగా నిలబడాలి. చినబాబుని పుట్టిన నాటి నుంచీ భుజాన మోసిందీ అతనే.

అతను గంగాళం వైపు చూశాడు. మొసలి పిల్ల ఒక గుడ్డపేలిక కరుచుకుని వదలడం లేదు. తరవాత రాజావారి పక్కనున్న చినబాబు వేళ్ళ వైపు చూశాడు. లేత బెండకాయల్లా ఉన్నాయి. వద్దంటే తను బయటికి పోతాడు, మొసలి లోపల ఉంటుంది.

"ఇవ్వాల్సిందే, ప్రభో!" అన్నాడు. రాణిగారి ఏడుపు రెట్టింపయింది. "కాకపోతే, కోట ఆచారం ఒకటుంది కదా."

ఉంది. రాజావారి ముత్తాతకి చిన్నతనంలో ఎవడో పాయసంలో విషం కలిపాడు. అప్పటి నుంచి వారసుడికి ఏ వస్తువిచ్చినా, తెచ్చినవాడు ముందు కొలువులో తాను వాడి చూపాలి. అదీ బిడ్డ ఎలా వాడతాడో అచ్చం అలాగే. కిందటి దసరాకి దర్జీ చినబాబు కోటులో చెయ్యి దూర్చి మోచేతి దగ్గర ఇరుక్కుపోతే, కత్తెర తెచ్చి విడిపించాల్సి వచ్చింది. దివానుగారు కొయ్యగుర్రం తెచ్చారు. దివానుగారు భారీ మనిషి. ఆ గుర్రానికిప్పుడు మూడే కాళ్ళు.

"నిజమే. ఆచారం ఆచారమే" అన్నారు రాజావారు.

గవరయ్య చినబాబు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చినబాబూ, మొసలి పిల్లనిస్తే ఏం చేస్తావు నాయనా?"

"నోట్లో వేలెట్టి పళ్ళు లెక్కపెడతా."

"ఆ తరవాత?"

"ముక్కు మీద ముద్దు పెట్టుకుంటా!"

కొలువంతా పంతులు వైపు తిరిగింది. పంతులు తన వేళ్ళ వైపు తిరిగాడు.

"మహాప్రభో, ఈ చూపుడువేలికి గోరుచుట్టు లేచింది..."

"దానికేం పంతులుగారూ, ఇంకా తొమ్మిదున్నాయి" అన్నాడు గవరయ్య.

"అది కాదు, అది పొద్దున్నించీ ఆకలి మీదుంది..."

"ఆవుదూడే కదండీ, గడ్డి తెప్పించమంటారా?"

దివాను దగ్గు వచ్చినట్టు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. రాజావారు మాత్రం నవ్వలేదు.

"వేలు సంగతి తరవాత. ముందు ముద్దు కానియ్యవయ్యా, పంతులూ."

ఇద్దరు బంట్లు గంగాళాన్ని పంతులు ముక్కు ఎత్తుకి లేపారు. మొసలి పిల్ల పేలిక వదిలింది. నోరు తెరిచింది. లోపలున్నవి బియ్యపు గింజల్లా లేవు. పంతులు కళ్ళు మూసుకుని మూతి ముందుకి చాచాడో లేదో, అది ఒక్క ఎగురు ఎగిరి మీసం కుడి కొస అందుకుంది.

"వద్దు! బాబోయ్, వద్దు మహాప్రభో! వద్దు!"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"ప్రభో, ఆ మాట నేననలేదు."

ముందు రాణిగారు నవ్వారు. తరవాత రాజావారు. ఆ తరవాత నవ్వనివాడు లేడు, ఒక్క పంతులు తప్ప. అతని మీసం ఇంకా మొసలి నోట్లోనే ఉంది.

"నా మొసలేదీ?" అని చినబాబు పెదవి విరిచాడు. గవరయ్య గోడ మీద తాతగారి పటం వెనక నుంచి తొంగిచూస్తున్న బల్లిని చూపించాడు.

"తాతగారి కాలం నుంచీ ఇక్కడే కాపురముంటోంది బాబూ. దాని మేత అదే చూసుకుంటుంది." రాజావారి ముఖం చూసి ఇంకో మాట కలిపాడు. "కలెక్టరుగారి తాబేలు గోడ ఎక్కగలదా, ప్రభో?"

రాజావారి ముఖం వెలిగిపోయింది.

పంపకాలు అక్కడికక్కడే జరిగాయి. మొసలి పిల్లకి నాగావళి నది, దాంతోపాటు మీసంలో కుడి సగం. గవరయ్యకి పంతులు తలపాగా, జంతుశాల అధికారం, రాణిగారు చేతి నుంచి తీసిచ్చిన బంగారు కంకణం. చినబాబుకి తాతగారి బల్లి, దాని సంతానంతో సహా, వంశపారంపర్యంగా. పంతులుకి ఏమీ దక్కలేదు. ఆఖరికి గోరుచుట్టు కూడా. అసలుంటే కదా!